రంపం బ్లేడు మందం

ఫిబ్రవరి 9

కారు ఇవాళ కూడా మొరాయించింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. బుడ్డదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, దాని బొమ్మని దాని పక్కన కూర్చోబెట్టి, "పెద్దమ్మ ఇంటికి పోదాం" అని ఇద్దరం పాటలు పాడుకుంటూ తాళం తిప్పానా, ఉహుఁ.

"నీ చేతికి ఆ బండి లొంగదే అమ్మాయ్" అన్నారు అత్తయ్య వరండాలోంచి. ఆవిడ ఆ కుర్చీలోంచి లేవరు, మోకాళ్ళ నొప్పులు. అక్కడ కూర్చుంటే మా వాకిలీ, రోడ్డూ, ఎదురింటి టైలరమ్మ కిటికీ, అన్నీ కనిపిస్తాయి.

బ్యాగు విప్పి బట్టలన్నీ అల్మరాలో ఎలా ఉన్నవి అలా పెట్టేశాను. ఆయన క్వారీ నుంచి వచ్చేసరికి పని అయిపోయింది. అమ్మయ్య.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఆయన కూర్చుని తాళం తిప్పారు, ఒక్క తిప్పుకే స్టార్ట్! "చూశావా? బండికి మనిషి తెలుస్తాడు" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను. అందరం బజారుకి వెళ్ళొచ్చాం. బుడ్డదానికి బెలూన్ కొన్నారు, నాకు చెప్పులు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

తిరిగొచ్చాక బానెట్ ఎత్తి, చీకటి పడేదాకా ఏదో చూసుకుంటూనే ఉన్నారు. నాన్న ఈ కారుని ట్యాక్సీగా తిప్పి మమ్మల్ని పెంచాడు, పోయే ముందు నా పేరు మీద రాశాడు. నాన్న పోయాక దీన్ని ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి దొరకడం నా అదృష్టం అనుకోవాలి.

ఫిబ్రవరి 12

స్టార్ట్ అవలేదు. నా చేతి మహిమ.

ఫిబ్రవరి 15

మణికట్టు వాచింది. తలుపు సందులో పడిందని టైలరమ్మకి చెప్పాను. ఆవిడ మెడలో టేపు సవరించుకుంటూ, "మీ ఇంట్లో తలుపులు బాగా గట్టివమ్మా" అంది. అవును మరి, కంపెనీ క్వార్టర్సు.

తప్పు నాదే. అక్క పేరు ఎత్తకూడని సమయంలో ఎత్తాను. రోజంతా బండరాళ్ళ మధ్య, కూలీల మీద అరుస్తూ ఉండి వచ్చిన మనిషికి ఇంటికి రాగానే అక్క గొడవ దేనికి? ఫోన్ కూడా ఆయన దగ్గరే ఉండటం నయం. నేనైతే ఎక్కడ పెడితే అక్కడ మర్చిపోతాను.

కారు తాళం మాత్రం మేకుకే తగిలించి ఉంటుంది. దాచరు. నా మీద అంత నమ్మకం.

ఫిబ్రవరి 18, ఆదివారం

మళ్ళీ ఒక్క తిప్పుకే. మళ్ళీ బజారు. మళ్ళీ సాయంత్రం బానెట్ ఎత్తి సర్వీసు.

ఫిబ్రవరి 20

ఇవాళ ఒక పిచ్చి పని చేశాను. ఎవరికీ చెప్పకూడదు, ఇక్కడ తప్ప.

మధ్యాహ్నం తాళం తిప్పి తిప్పి విసుగొచ్చింది. పెట్రోలు వాసన గుప్పుమంది. నాన్న అయితే ఏం చేసేవాడు అనుకున్నాను. ఏముంది, స్పార్క్ ప్లగ్గులు విప్పేవాడు. స్కూలు నుంచి రాగానే నా చేతికి ఇనప బ్రష్షు ఇచ్చి "తోమవే తల్లీ" అనేవాడు, నేను అరుగు మీద కూర్చుని ప్లగ్గుల మూతులు తోమేదాన్ని. ఆ పని చేతులు మర్చిపోతాయా? డిక్కీలో నాన్న ప్లగ్ స్పానర్ అలాగే ఉంది. వైర్లు తారుమారు కాకుండా బుడ్డదాని జడ రబ్బర్లు రంగుకొకటి చుట్టి, నాలుగూ విప్పాను.

తడిసి ముద్దయి ఉన్నాయి. అది సరే. ప్లగ్గు మూతి దగ్గర, మధ్యలో ఉండే పుల్లకీ పైన వంగి ఉండే కొక్కేనికీ మధ్య కాస్త సందు ఉండాలి. ఆ గ్యాప్‌లోనే నిప్పురవ్వ దూకుతుంది. ఆ గ్యాప్ లేదు! కొక్కెం పుల్లకి ఆనుకుని ఉంది. ఒకటి కాదు, నాలుగూ అంతే. ఇక రవ్వ ఎక్కడ దూకుతుంది, నా మొహం?

స్క్రూడ్రైవర్ మొనతో కొక్కేలు పైకి లేపాను, పుల్ల మీద బరువు పడకుండా. కొలవడానికి ఏమీ లేదు. బొటనవేలి గోరు దూర్చి చూసుకున్నాను. తుడిచి, బిగించి, తాళం తిప్పాను.

స్టార్ట్ అయింది. కుంటుకుంటూ, దగ్గుకుంటూ, కానీ అయింది! మలుపు దాకా నడుపుకుంటూ వెళ్ళి వెనక్కి వచ్చేశాను. నేను బయల్దేరే ముందే మధ్యాహ్నం సైరన్ మోగింది. క్వారీలో రాయి పేల్చే ముందు మోగుతుంది. అది మోగితే లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, డ్రైవర్లు పాకల్లో దూరతారు, మళ్ళీ సైరన్ మోగేదాకా ఫోర్‌మన్ అక్కణ్ణుంచి కదలకూడదు. ఆయనే ఫోర్‌మన్. అందుకని రోడ్డు మీద ఎవరూ చూడలేదు, అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తున్నారు.

కారు బాగైందని చెబితే ఆయన సంతోషించాలి కదా. అయినా నాలుగు ప్లగ్గులూ మళ్ళీ విప్పి, మెట్టు అంచు మీద తట్టి, గ్యాప్ మూసేసి, ఎక్కడివక్కడ బిగించేశాను. ఎందుకో రాయను.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అని అడిగారు అత్తయ్య.

"దుమ్ము తుడుస్తున్నానత్తయ్యా."

"క్వారీ దుమ్ము ఎంత తుడిచినా మళ్ళీ వస్తుందిలే" అన్నారు.

జడ రబ్బర్లు తీసేశాను. స్పానర్ కుట్టుమిషను డ్రాయరులో పాత గుడ్డల కింద పెట్టాను. ఏమీ మర్చిపోలేదు.

ఫిబ్రవరి 21

ఇంజన్ వేడికి మూసుకుపోయి ఉంటాయి.

ఫిబ్రవరి 22

వేడికే.

ఫిబ్రవరి 23

వేడికి కాదు. కాదని నాకు మొన్ననే తెలుసు.

నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. "రవ్వ కొట్టి కొట్టి మూతి అరుగుతుందమ్మా. అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది. దాన్ని మళ్ళీ దగ్గరికి తట్టుకోవడమే మన పని." గ్యాప్ పెరుగుతుంది. దానంతటది ఎప్పుడూ తగ్గదు. తగ్గిందంటే ఎవరో తట్టారు.

ఆదివారం తెల్లారకముందే లేపడం, సాయంత్రం మళ్ళీ తట్టి మూసెయ్యడం. ఎంత శ్రద్ధో.

ఇది రాయగానే లేచి వెళ్ళి తలుపు గడియ చూసొచ్చాను. పగటిపూట, ఆయన ఇంట్లో లేనప్పుడు, గడియ చూడటం ఏమిటో.

ఫిబ్రవరి 25, ఆదివారం

పొద్దున్నే బానెట్ ఎత్తి, "ఇటు రా" అని పిలిచారు.

"చూడు. ఇంజన్ నిండా దుమ్ము. బ్యాటరీ మీద దుమ్ము. ఈ ప్లగ్గులు నాలుగూ చూడు, పళ్ళు తోముకున్నట్టు తెల్లగా ఉన్నాయి. ఎవరు తోమారు?"

ప్లగ్గుల తెల్ల పింగాణీ తుడిచేశాను. ప్లగ్గుని తుడవకుండా పెడితే నాన్న ఒప్పుకునేవాడు కాదు. వద్దన్నా చెయ్యి తుడిచేసింది. అన్నీ దాచి, దాన్ని మాత్రం అద్దంలా మెరిసేలా వదిలేశాను. ట్యాక్సీ డ్రైవర్ కూతుర్ని కదా, ఆ ఒక్క బుద్ధి పోలేదు.

"నేనేనండీ. పైపైన దుమ్ము తుడిచాను."

"పైపైనే?"

"పైపైనే."

నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని గోళ్ళు చూశారు. ఒక్కొక్క గోరూ. "శుభ్రం మంచిదే" అన్నారు. ఇవాళ బజారుకి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 26

ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 27

ఏమీ అనలేదు. అంటే బాగుండు.

ఫిబ్రవరి 28

నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో గుడ్డపేలికలు కుక్కి, ప్లగ్గుల్ని క్యారియర్ సంచిలో వేసుకుని పోయారు. షెడ్డులో క్లీన్ చేయిస్తారట. జీపు ఎక్కుతూ అత్తయ్యతో, "అమ్మా, నీ కోడలు బానెట్ ఎత్తితే నాకు చెప్పు" అన్నారు, జోకులాగా.

"నా కళ్ళు అంత బాగా కనిపించి చచ్చాయా" అన్నారు అత్తయ్య. కానీ అప్పటి నుంచి కుర్చీ కొంచెం కారు వైపు తిరిగి ఉంది. నేను నీళ్ళకి వెళ్ళినా, బట్టలు ఆరేసినా, ఆ కళ్ళు నా వీపు మీదే ఉన్నట్టుంది.

మార్చి 2

జీపు చప్పుడు వినగానే బుడ్డది బొమ్మని వదిలేసి గోడకి ఆనుకుని నిలబడుతోంది. కొన్నాళ్ళుగా చూస్తున్నాను. ఏదో ఆట అనుకున్నాను.

ఇవాళ అడిగాను, "ఎందుకే అలా నిలబడతావు?"

"నాన్నకి అడ్డం రాకూడదు కదమ్మా" అంది.

ఈ మాట దానికి ఎవరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది.

మార్చి 4

ఇవాళ దాని మీదకి చెయ్యి ఎత్తాడు. అన్నం కింద పోసిందని. కొట్టలేదు. ఎత్తాడు, అంతే, దించేశాడు.

నా మీద కూడా మొదట్లో అంతే. మొదటి ఏడాది అంతా ఎత్తిన చెయ్యి దించేసేవాడు.

మార్చి 5

ఎలా వెళ్ళను? బస్సు రోడ్డు చాలా దూరం. ఆ దారిలో పోయే ప్రతి లారీ డ్రైవరూ "ఫోర్‌మన్ గారి భార్య" అని ఆపి ఎక్కించుకుని, తిన్నగా ఆయన దగ్గరికే తీసుకొచ్చి దింపుతాడు, మర్యాదగా. టైలరమ్మ ఫోన్ అడుగుదామంటే ఆవిడ మొగుడూ క్వారీలోనే. కారు ఉంది, తాళం ఉంది. ప్లగ్గులు లేవు. కొత్తవి కొనాలంటే బజారుకి వెళ్ళాలి, బజారుకి వెళ్ళాలంటే కారు కావాలి. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

మార్చి 7

బుడ్డది ఏడుస్తుంటే కదలని కార్లోనే ప్రయాణం ఆట ఆడాం. బానెట్ ఎత్తలేదు కాబట్టి అత్తయ్యకి చెప్పడానికేమీ లేదు. నేను డ్రైవరు సీట్లో "కిర్రు కిర్రు" అంటూ స్టీరింగ్ తిప్పుతున్నాను. వెనక నుంచి అది, "అమ్మా, ఇక్కడ గుచ్చుకుంటోంది" అంది.

ఈ మాట నాదే. దాని వయసులో అదే సీట్లో, అదే మూల కూర్చుని నేను గోల పెట్టేదాన్ని, గుచ్చుకుంటోంది నాన్నా అని. "పక్కకి జరగవే, అది నా బ్యాంకు" అనేవాడు.

సీటు పలక పైకి లేపాను. గోనెగుడ్డ మూట. ఏదీ పారేసేవాడు కాదు మహానుభావుడు. అందులో పాత ప్లగ్గులు. కొన్ని పింగాణీ పగిలినవి, కొన్ని మంచివే, మూతులు అరిగి గ్యాప్ బాగా పెరిగినవి. వాటితోపాటు విరిగిన రంపం బ్లేడు ముక్క, ఇనుము కోసే రంపానిది. అది నాన్న గేజి. గ్యాప్‌లో ఆ బ్లేడు ముక్క దూరాలి, ఊరికే జారిపోకూడదు, ఇరుక్కోకూడదు, కాస్త పట్టుకుని లాగినట్టు రావాలి. "అంతే తల్లీ, దీనికి మించి కొలత లేదు" అనేవాడు.

మూటని బుడ్డదాని గౌను కింద పెట్టి ఇంట్లోకి తెచ్చాను. అది నవ్వుకుంటూ నడిచింది, కడుపు పట్టుకుని, ముసలమ్మలా. అత్తయ్య కూడా నవ్వారు.

మార్చి 9

కుక్కర్ పెట్టి, విజిల్ వచ్చినప్పుడల్లా ఒక్కో దెబ్బ. రోకలికి వేసి మెల్లగా తట్టడం, బ్లేడు దూర్చి చూడటం. మొదటిది మరీ దగ్గరైంది, మళ్ళీ లేపాను. చేతులు వణుకుతుంటే బ్లేడు ఎలా తెలుస్తుంది? కాసేపు చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. అతను ఏ దెబ్బతో మూసేవాడో నేనూ అదే దెబ్బ కొడుతున్నాను. నాది ఎక్కడ ఆపాలో తెలిసిన దెబ్బ.

నాలుగూ కుదిరాయి. స్టార్ట్ చేసి చూసుకునే వీలు లేదు. ఒక్కసారే.

మార్చి 12

భయం. ఇవాళ అంతా అదే పని. పలకరిస్తే ఉలిక్కిపడ్డాను, "ఏంటా ఉలికిపాటు?" అన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను. నా నుదురు పట్టుకుని చూశాడు, ఎంతో ప్రేమగా. ఆ చెయ్యి అలా నుదుటి మీద ఉన్నంతసేపూ, పోనీలే, ఇతను మారతాడేమో అనిపించింది. నేను రాస్తున్నది నిజం, అనిపించింది.

మార్చి 14, అక్క ఇంట్లో

రాయగలుగుతున్నానంటే చేరినట్టే.

మధ్యాహ్నం సైరన్ మోగింది. మోగగానే బానెట్ ఎత్తాను. ఇక దాపరికం లేదు, అత్తయ్య ఎదురుగానే. గుడ్డపేలికలు పీకేసి, ప్లగ్గులు ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానర్‌తో కాస్త బిగించాను. ముందు చెయ్యి, తర్వాతే స్పానర్, అడ్డంగా ఎక్కితే మర పోతుంది. నాన్న నా చెవిలో చెబుతున్నట్టే ఉంది. వైర్లు తగిలించాను. బుడ్డది వెనక సీట్లో బొమ్మని గట్టిగా వాటేసుకుని కూర్చుంది.

అత్తయ్య చూస్తూనే ఉన్నారు. పిలవలేదు, అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వరండాలో క్వారీ ఆఫీసుకి మాత్రమే కలిసే కంపెనీ ఫోన్ ఉంది, ఆవిడ చేతికి అందేంత దూరంలో.

తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. ఉహుఁ. మళ్ళీ. బ్యాటరీ గొంతు పడిపోతోంది. దేవుడా, అయిపోయింది, ఇంక నా పని అయిపోయింది అనుకున్నాను. తల ఎత్తితే అత్తయ్య కుర్చీ ఖాళీ.

ఆవిడ గోడ పట్టుకుని, మెట్లు దిగి, కారు దాకా వచ్చేశారు. ఆ మోకాళ్ళతో! కిటికీ దగ్గర వంగారు.

"ఆ చోక్ మీట లాగవే పిచ్చిదానా. చల్లగా ఉంది ఇంజన్."

చోక్ లాగాను. తిప్పాను. దగ్గింది, దగ్గింది, అందుకుంది. నాలుగూ అందుకున్నాయి, ఒక్క తప్పటడుగు లేకుండా.

"మీకెలా తెలుసు?" అన్నాను. నేను అడగాల్సిన మాటేనా అది?

"మీ మామయ్య బండి కూడా నాకు స్టార్ట్ అయ్యేది కాదు. చోకే అనుకుని జీవితమంతా లాగుతూనే ఉన్నా" అన్నారు. "ప్లగ్గులు విప్పి చూడాలని నాకెవరు చెప్పారు?"

"మీరూ రండి అత్తయ్యా."

"వాడు నా కొడుకే. ఎక్కడికి రాను? నిద్రపోయానని చెబుతాలే. వెళ్ళు, రెండో సైరన్ మోగుతుంది."

బుడ్డది కిటికీలోంచి చెయ్యి ఊపింది. అద్దంలో ఆవిడ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు, ఎక్కలేక. ఆవిణ్ణి మెట్లెక్కించి రావాల్సింది. ఆగలేదు నేను.

లారీలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి, లోపల మనుషులు లేరు. మెయిన్ రోడ్డు ఎక్కాక రెండో సైరన్ వినబడింది, సన్నగా.

మార్చి 15

అక్క తలుపులన్నీ వేసింది. నా జాకెట్టు చేతులు పైకి మడిచి చూసింది, అంతే. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చెప్పి వచ్చింది. రేపు నేనే వచ్చి నా నోటితో చెప్పాలట.

వీధిలో ఏ జీపు పోయినా బుడ్డది గోడ దగ్గరికి వెళుతోంది. నేనూ లేచి నిలబడుతున్నాను.

అత్తయ్య మెట్లు ఎక్కారో లేదో.

మార్చి 16

పొద్దున్నే స్టేషన్‌కి బయల్దేరాం. అక్క పక్క సీట్లో, బుడ్డది వెనక. తాళం తిప్పాను.

సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు.

మళ్ళీ తిప్పాను. అందుకోలేదు.

వచ్చాడు. మేం పడుకున్నాక వచ్చాడు, గేటు దూకాడు, బానెట్ ఎత్తాడు, తట్టాడు. ఇప్పుడు ఈ వీధిలోనే ఎక్కడో ఉండి చూస్తున్నాడు. "దిగండి, లోపలికి పదండి, తలుపేయండి" అని అరిచాను. అక్క బుడ్డదాన్ని ఎత్తుకుని పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. ఎంతసేపో.

"పోలీసుల్ని ఇక్కడికే రమ్మననా?" అంది అక్క.

వద్దన్నాను. ముందు చూడాలి. కంటితో చూడాలి. స్పానర్ పట్టుకుని బయటికి వెళ్ళాను. అక్క చపాతీ కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడింది, నా దిక్కు కాకుండా వీధి దిక్కు చూస్తూ.

మొదటి ప్లగ్గు విప్పాను. బ్లేడు ముక్క దూర్చాను. దూరింది, కాస్త పట్టుకుని లాగినట్టు వచ్చింది.

రెండోది. వచ్చింది.

మూడోది. నాలుగోది. నాలుగూ నేను తట్టినట్టే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. పింగాణీ మీద నా వేలిముద్రలే.

తిరిగి బిగించి, సీట్లో కూర్చున్నాక కనిపించింది. చోక్ లాగలేదు. పొద్దుటి చలి, చల్లటి ఇంజన్, నేను చోక్ లాగడం మర్చిపోయాను, అంతే.

"ఏమైందే?" అంది అక్క కర్ర దించకుండా.

"ఏం కాలేదక్కా" అన్నాను. ఎన్నాళ్ళకో ఆ మాట నిజంగా అన్నాను. చోక్ లాగాను.